నేలమాళిగలో పలకల నేల



ఈ పూట నేను చెప్పబోవు విషయము మన పల్లెలకు దూరమైనదిగా మొదట తోచవచ్చును. నేలమాళిగలో చెక్కపలకలతో నేల పరచుట యెట్లు అనునది నా ప్రసంగ విషయము. "మన యిండ్లలో నేలమాళిగ లెక్కడివి, పలకల నేల లెక్కడివి?" అని మీలో పెద్దలు నవ్వుకొనవచ్చును. కాని నేడు మన గ్రామములలో బిడ్డలను సముద్రముల కావలికి పంపని వీధి యరుదు. ఆ బిడ్డలు అచ్చట ఇండ్లు కొనుచున్నారు, తలిదండ్రులను పిలిపించుకొనుచున్నారు. మనము పోయి నాలుగైదు మాసములుండి, ఆ యిండ్ల బాగోగులను గూర్చి మనకు తోచిన సలహాలు చెప్పుచున్నాము. నేనును అట్టి సలహా యొకటి చెప్పితిని. దాని ఫలమును నా కుమారు డనుభవించెను. ఆ యుదంతమును దాచక చెప్పుటయే నేటి నా పని.

నేను పల్నాటి సీమవాడను. మొదట తండ్రిగారి యొద్దను, పిమ్మట సంస్కృత కళాశాలలోను చదివి, ముప్పదినాలుగు సంవత్సరములు ఉన్నత పాఠశాలలలో తెలుగు పండితుడనుగా పనిచేసి, 2016లో విశ్రాంతి పొందితిని. మరుసటి సంవత్సరము మార్చి నెలలో నేనును నా భార్యయు మా పెద్దకుమారుని యింటికి పోయితిమి. అతడు అమెరికా సంయుక్తరాష్ట్రములలోని ఒహాయో రాష్ట్రమున, కొలంబస్ నగరపు శివారున నివసించుచున్నాడు.

ఆ యింటి క్రింద నొక నేలమాళిగ కలదు. దానిని వారు బేస్‌మెంటు అందురు. అది ధనము దాచుటకో, ఎండకు తాళలేకనో కట్టినది గాదు. శీతదేశములలో చలికాలమున పైనేలలోని నీరు గడ్డకట్టును. గడ్డకట్టు నీరు నూటికి సుమారు 9 పాళ్ళు ఉబ్బును. పునాది ఆ గడ్డకట్టు మేరకు పైననే నిలిచినచో, ఉబ్బిన నేల దానిని పైకెత్తి గోడలను బీటలు వారజేయును. కనుక పునాదిని ఆ మేరకు క్రిందుగా దింపుదురు. కొలంబస్ ప్రాంతమున ఆ లోతు సుమారు మూడడుగులు. ఎటులను అంత త్రవ్వక తప్పనప్పుడు, మరికొంత త్రవ్వినచో ఇంటి వెడల్పున నొక గదియే లభించునుగదా యని వారి యాలోచన. దాని గోడలు కాంక్రీటువి. నేలయు నాలుగంగుళముల మందము గల కాంక్రీటే. ఇల్లు వెచ్చబరచు యంత్రమును, నీళ్ళు కాచు తొట్టియు సాధారణముగా అచ్చటనే యుండును.

నా కుమారునకు ఇద్దరు బిడ్డలు. ఆ చుట్టుపట్ల మరి యేడెనిమిది తెలుగు కుటుంబములు కలవు. ఆ పిల్లలకు తెలుగు వినిన తెలియును, చదువ రాదు. ఆదివారమునాడు వారినందరిని చేర్చి అక్షరములు దిద్దింపవలెనని నాకు కోరిక పుట్టెను. నేలమాళిగ విశాలముగా నున్నది. కాని ఆ సిమెంటునేల మంచువలె చల్లన. బాసిపట్లు వేసికొని కూర్చుండిన పది నిమిషములకే మోకాళ్ళు పట్టుకొనును. "దానిమీద చెక్కనేల పరపింతము, నాన్నగారూ, మీరు బడి పెట్టుకొనవచ్చును" అని నా కుమారుడనెను. ఆ మాట వినినంతనే నాకు మా యూరి వీధిబడి యరుగు కన్నులకు గట్టినది.

కలప యంగడికి ముగ్గురము పోయితిమి. నేను చూచి మెచ్చినది ఓకు మ్రాని పలక. ముప్పాతిక యంగుళము మందము, ఐదంగుళముల వెడల్పు, తేనెవన్నె, చేయి వేసి చూచినచో మన టేకు గుర్తుకు వచ్చు బిరుసు. అంగడివాడు మా యింటి సంగతి యడిగి, "నేలమట్టమునకు క్రిందనున్న గదిలో నిండుచెక్క పలకలు పరపరాదు, అచ్చటికి పొరల పలకయే తగును" అని చెప్పెను. పొరల పలక యనగా, పలుచని పొరలను ఒకదానిపై నొకటి జిగురుతో అదిమి, అన్నిటికి పైన మాత్రము ఓకు పొర నంటించినది. నాకది అతుకుల సరకుగా కనబడెను. నేను నా కుమారునితో, "మా తాతగారు నిలిపిన టేకు ద్వారబంధము ఇన్నేండ్ల వానలకు చెక్కుచెదరలేదు. చేవగల మ్రాను చేవగల మ్రానే. తన సరకు నంటగట్టుటకు వ్యాపారి చెప్పు మాట యిది" అంటిని. అతడు నా ముఖము వంక చూచి, ఒక క్షణ మూరకుండి, "అట్లే కానిండు, నాన్నగారూ" అనెను. ఆ క్షణకాలపు మౌనము నాకు అప్పుడు వినబడలేదు.

ఏప్రిల్ మాసమున పని జరిగినది. కూలి చెల్లింపలేక నా కుమారుడును అతని స్నేహితుడును సెలవుదినములలో తామే చేసిరి. నేను కుర్చీ వేసికొని పర్యవేక్షించితిని. కాంక్రీటుపై ప్లైవుడ్ పలకలను మరలతో బిగించి, వానిపై ఓకు పలకలను మేకులతో కొట్టిరి. మే నెల మొదటి ఆదివారమున తొమ్మండుగురు పిల్లలు పలకలు బలపములు చేత బట్టుకొని వచ్చి కూర్చుండిరి. ఆ దినమున నాకు కలిగిన సంతోషమును చెప్పజాలను.

జూన్ మాసము గడచునప్పటికి నడచునప్పుడు అరికాలికి ఏదియో గీరుకొన్నట్లు తోచెను. జూలైలో దీపము నేలకు దించి చూడగా, ప్రతి పలకయు అంచులు రెండును పైకి లేచి నడుమ పల్లమై, నీరు పారు దోనెవలె నున్నది. గదిలో పాత గోనెసంచి వాసన వచ్చుచుండెను. మా చిన్న మనుమనికి దగ్గు పట్టుకొని విడువలేదు. చెమ్మయు బూజును గల గదిలో నుండుట పిల్లల ఊపిరికి మంచిది గాదని వైద్యుడు చెప్పెను. బడి నిలిచిపోయెను.

ఇట్లేల జరిగినదో తెలియుటకు మీరు ఓకు మ్రానును చూచియుండ నక్కరలేదు. వానకాలమున మీ యింటి తలుపు బిగిసి గుమ్మమునకు పట్టుకొనుటయు, వేసవిలో వదులై కిఱ్ఱుమనుటయు మీ రెరుగుదురు. ఎండకాలమున బండిచక్రము ఆకులు వదులైనచో దానిని చెరువులో నానవేసి బిగింపజేయుటయు మీ రెరుగుదురు. కొట్టివేసి యెన్ని యేండ్లయినను కొయ్య నీటితో తన చుట్టరికమును మానదు. చుట్టునున్న చెమ్మను బట్టి పీల్చుచు, విడుచుచునే యుండును. పీల్చిన ఉబ్బును, విడిచిన ముడుచుకొనును.

ఈ ఉబ్బుటయు అన్ని దిక్కుల సమానము గాదు. నిడివిలో అది లెక్కకు రానంత స్వల్పము. దుంగను అడ్డముగా కోసిన కనబడు వలయముల వెంబడి హెచ్చు. నడిబొడ్డునుండి బెరడు వైపునకు అందులో సుమారు సగము. ఎర్ర ఓకు పచ్చిగా నున్న స్థితినుండి పూర్తిగా ఎండువరకు వలయముల వెంబడి నూటికి 8.6 పాళ్ళు, బెరడు వైపునకు 4 పాళ్ళు ముడుచుకొనును. మన టేకు 5.8 పాళ్ళు, 2.5 పాళ్ళు మాత్రమే. తాతగారి ద్వారబంధము నిలిచియుండుటకు అదియొక కారణము. గాలి రెండు వైపుల తగులుట మరియొక కారణము. నేను టేకు గుణమును ఓకున కంటగట్టి, గాలిలో నిలిచిన కొయ్య బలమును మట్టిలో దిగిన గదికి ఋజువుగా చూపితిని. తర్కశాస్త్రము చదివినవాడు చేయదగిన పొరపాటు గాదు.

లెక్కకు వచ్చినచో, 15 అడుగుల వెడల్పు గల గదిలో ఐదంగుళముల పలకలు 36 పట్టును. అడ్డకోత ఓకు పలకలలో చెమ్మ నూటికి 4 పాళ్ళు హెచ్చినచో, అన్నియు కలిసి రెండున్నర యంగుళములకు పైగా పెరుగజూచును. గోడలు జరుగవుగదా! అందులో క్రిందివైపు తడిసి, పైవైపు ఎండియున్నచో, క్రిందిభాగము వెడల్పగును, పైభాగము అట్లే యుండును. పలక దోనెవలె వంగును. మా యింట జరిగినది ఇదియే.

అట్టి సమయమున పొరుగింటివా డొక వృద్ధుడు, చిరకాలము వడ్రంగము చేసి మానినవాడు, చూడవచ్చెను. నా కుమారుడు, "పైనుండి చిత్రిక పట్టి అంచులను సమము చేసిన చాలునా?" అని యడిగెను. ఆ వృద్ధుడు తల యూపి, "తడిమీద చిత్రిక పట్టినచో, రేపు ఎండినప్పుడు అంచులు క్రుంగి నడుమ తాబేటి వీపువలె లేచును. మొదట నీరెక్కడిదో చూడుడు" అని, నేలవంక చూడక, మెట్లెక్కి పెరటిలోనికి పోయెను. మేమును వెంట పోయితిమి. చూరునుండి వాననీరు దించు గొట్టము గోడమొదటనే విడువబడియున్నది. పెరటినేల ఇంటివైపునకే వాలియున్నది. ఆ గోడ నానుకొని నిడుపాటి గోంగూర మడి యొకటి కలదు. "దీనికి నీళ్ళు పోయువారెవరు?" అని యడిగెను.

శ్రోతలారా, ఆ మడి నేను వేసినదే. మన కూర తినవలెనను కోరికచేత గోడప్రక్కనే మట్టి త్రవ్వి, గట్టు కట్టి, ఉదయమును సాయంకాలమును నేనే నీళ్ళు పోయుచుంటిని. పైన నీరు పోసినవాడను నేనే. క్రింద పలక పరపించినవాడను నేనే.

వరాహమిహిరుని బృహత్సంహితలో భూగర్భజలమును గూర్చి దకార్గళమను నధ్యాయము కలదు. మనుష్యుని దేహములో నరములవలె భూమిలో జలనాడులు మీదను క్రిందను పారుచుండునని అందు చెప్పబడినది. దానిని విద్యార్థులకు పాఠము చెప్పినవాడను. అది నోట నుండెను గాని కాలిక్రిందికి రాలేదు. అంతకంటె సిగ్గుపడవలసినది మరియొకటి కలదు.

నా బాల్యమున మా యింట జొన్నల పాతర యుండెడిది. మా తండ్రిగారు పాతర త్రవ్వింపదలచినపుడు మొదట జొన్నలను గూర్చి యాలోచించెడివారు కారు. మెట్టచోటెక్కడ, వాననీరెటు పారును, దాపున కుంట గాని కాలువ గాని యున్నదా యని చూచెడివారు. త్రవ్వించిన పిమ్మట అందులో చొప్ప వేసి కాల్చి గోడల చెమ్మ నార్పించెడివారు. అడుగునను ప్రక్కలను గడ్డి దట్టముగా పేర్చి, గింజ మన్నును తాకకుండ చేసి, అప్పుడు జొన్నలు పోయించెడివారు. నీటిని దూరము చేయుట, ఆరనిచ్చుట, అడ్డుపొర వేయుట, ఆ పిమ్మట సరకు దింపుట: ఇవి నాలుగు పనులు, ఈ వరుస తప్పరాదు. నేలమాళిగ పెద్ద పాతర గాక మరేమి? నేను మూడు పనులు మాని నాల్గవది మొదట చేయించితిని.

ఇక ఆ పనిని మరల ఎట్లు చేసిరో, పాతర వరుసలోనే చెప్పుదును. మీ బిడ్డలకు ఉపయోగపడవచ్చును.

మొదటిది నీటిని దూరము చేయుట. గోంగూర మడిని పెరటి చివరకు మార్చితిమి. చూరునీటి గొట్టమునకు మరియొక గొట్టము తగిలించి నీటిని గోడకు దూరముగా విడిచితిమి. ఇంటిచుట్టు మట్టి పోసి, గోడనుండి వెలుపలికి పది యడుగులలో ఆరంగుళములు పల్లమగునట్లు వాలు దీసితిమి. అచ్చటి గృహనిర్మాణ నిబంధనలు చెప్పు కొలతయు ఇదియే. పెక్కు నేలమాళిగలలో ఒక మూల చిన్న గుంట యుండును. పునాది వెంబడి ఊరు నీరు అందులో చేరగా మోటారు దానిని వెలుపలికి తోడివేయును. ఆ మోటారు పనిచేయుచున్నదో లేదో గుంటలో బిందెడు నీళ్ళు పోసి చూడవలెను. ఇంతచేసినను వానకు నీరు లోపల నిలుచునట్టి నేలమాళిగలో ఏ చెక్కయు వలదు. అచ్చట పింగాణి పలకలే మేలు.

రెండవది ఆరనిచ్చుట. పరచిన పలకలన్నియు ఊడదీసిరి. క్రింది ప్లైవుడ్ నల్లబారి బూజుపట్టియుండుటచే దానిని పారవేసిరి. ఆ సంవత్సరము చలికాలమంతయు నేలను వట్టిగా విడిచి, గాలిలోని తేమను పీల్చు యంత్రము నొకదానిని నడపిరి. వేసవిలో వెలుపలి వెచ్చని గాలి చల్లని నేలమాళిగలో దూరినప్పుడు, చల్లని నీళ్ళు పోసిన చెంబునకు చెమట పట్టినట్లు నేలకును చెమట పట్టును. కనుక వేసవిలో కిటికీలు తెరచిన ఆరునను మాట అచ్చట చెల్లదు. ఇది మన యూరి యలవాటునకు విరుద్ధము; గుర్తుంచుకొనదగినది.

ఆరినదో లేదో కంటితో తెలియదు. కాంక్రీటు రాయివలె కనబడును గాని, అందు సన్నని రంధ్రముల గుండ నీటియావిరి పైకి వచ్చుచుండును. క్రొత్తగా పోసిన కాంక్రీటు ఆరుటకు అంగుళమునకు నెలచొప్పున పట్టునని పనివారి మోటులెక్క. సులభమైన పరీక్ష యొకటి కలదు. ఒకటిన్నర యడుగుల చదరపు ప్లాస్టిక్ పట్టను నేలపై పరచి, నాలుగంచులను గాలి చొరకుండ అంటించి, 16 గంటలకు తక్కువ గాకుండ విడువవలెను. ఎత్తి చూచినప్పుడు లోపల నీటిబొట్లు గాని, నేలపై నల్లని మరక గాని యున్నచో నేల యింకను తడి. అవి లేకున్నంతమాత్రమున పొడియని నిశ్చయింపరాదు. నేలకు రంధ్రము చేసి, మందములో నూటికి 40 పాళ్ళ లోతున కొలతపరికరము నుంచి, లోపలి తేమను చూచుట నమ్మదగిన పద్ధతి. పలకలు చేయువారిలో పెక్కురు ఆ తేమ 75 లేక 80 పాళ్ళు మించరాదందురు. కాల్షియం క్లోరైడు అను ఉప్పును నేలపై మూతక్రింద నుంచి, అది పీల్చిన నీటిని తూచుట మరియొక పద్ధతి. వేయి చదరపుటడుగులకు దినమునకు 3 పౌనులు మించినచో పని ఆపవలసినదే. మా యింట పరీక్ష మొదటిసారి తప్పినది; మరి రెండు మాసములు వేచియుండిరి. వేచియుండుటకు ఖర్చు లేదు, వేచియుండకుండుటకే ఖర్చు.

నేలను మూయకముందు చూడవలసినవి వేరు రెండు కలవు. కొన్ని ప్రాంతముల మన్నులోనుండి రేడాన్ అను వాయువు నేలమాళిగలోనికి ఊరును. దానికి రంగు లేదు, వాసన లేదు. ఏండ్ల తరబడి పీల్చినచో ఊపిరితిత్తులకు రాచపుండు కలిగింపవచ్చును. దాని పరీక్ష సులభము. హెచ్చుగా నున్నచో నేలను తొలిచి గొట్టము నిలిపి కప్పునకు పైగా ఆ గాలిని పంపుదురు. పలకలు పరచిన పిమ్మట తొలుచుట రెండింతల పని. మరియు నేలమాళిగలో ఎవరైనను నిద్రించునట్లయితే, అగ్ని ప్రమాదమున మనిషి వెలుపలికి పోజాలునంతటి కిటికీ యుండితీరవలెనని అచ్చటి నిబంధన.

మూడవది అడ్డుపొర. నేల సమముగా నున్నదో లేదో నిడుపాటి మట్టపు కర్ర పెట్టి చూచిరి. పది యడుగుల నిడివిలో, అంగుళమును 16 భాగములు చేసినచో అందు 3 భాగములకు మించి ఎత్తుపల్లములుండరాదు. పల్లములను సిమెంటు ముద్దతో నింపి, గట్టులను అరగదీసిరి. అటుపైన దళసరి ప్లాస్టిక్ పట్టను, అంచులొకదానిపై నొకటి ఆరంగుళములు పడునట్లు పరచి అంటించిరి. ఇది పాతరలోని గడ్డివంటిది. దానిపై మెత్తని పలుచని పరుపు పరచిరి. ఈసారి ఒక్క మరయు కాంక్రీటులోనికి దింపలేదు. అడ్డుపొరకు వేయు ప్రతి రంధ్రమును నీటికి మన మిచ్చు త్రోవయే.

నాల్గవది పలకలు. ఈసారి అంగడివాడు మొదట చెప్పిన పొరల పలకనే తెచ్చిరి. నేను అతుకుల సరకని యీసడించినదానిలో ఒక యుక్తి యున్నది. పొరలను ఒకటి నిలువుగను, దానిపైది అడ్డముగను అంటింతురు. కొయ్య నిడివిలో ఉబ్బదని చెప్పితినిగదా. ఒక పొర ఉబ్బజూచిన దిక్కున దాని పొరుగుపొర నిడివి అడ్డముపడి పట్టుకొనును. బడుగుతో పేకను నేసినట్లు ఒకదాని బలహీనత మరియొకదాని బలముచే కప్పబడును. నేషనల్ వుడ్ ఫ్లోరింగ్ అసోసియేషన్ అను వారి సంఘపు మార్గదర్శకములును నిండుచెక్కను నేలమట్టమునను దానికి పైనను మాత్రమే పరపవలెననియు, పొరల పలకను క్రిందను పరపవచ్చుననియు చెప్పుచున్నవి.

పలకల పెట్టెలను ముందుగనే ఆ గదిలోనికి చేర్చి, అచ్చటి గాలికి అలవాటుపడనిచ్చిరి. మూడు దినములని కొందరందురు. దినములుగాదు, చెమ్మకొలతయే ప్రమాణమని ఆ వృద్ధుని మాట. పలకలను నేలకు మేకులు కొట్టక, ఒకదాని నాలుకను మరియొకదాని గాడిలో దింపి, చాపవలె మొత్తము నొక్కటిగా కూర్చిరి. ప్రక్కప్రక్క వరుసలలో అతుకులు ఒకచోట పడకుండ, గోడలో ఇటుకలు పేర్చినట్లు, ఆరంగుళములకు తక్కువ గాకుండ ఎడమిచ్చిరి. నాలుగు గోడల మొదటను, నడుమనున్న ఇనుపకంబము చుట్టును అరయంగుళము ఖాళీ విడిచి, దానిని గోడకు కొట్టిన సన్నని పట్టీతో కప్పిరి. ఆ ఖాళీ కనబడదు; కాని కొయ్యకు ఊపిరి అదియే. బంధువుల నడుమనైనను కొంత యెడ మున్నచో చుట్టరికము నిలుచును.

పరచిన పిమ్మటను కొంత జాగ్రత్త తప్పదు. గదిలోని తేమ నూటికి 30 మొదలు 50 పాళ్ళ నడుమ నుండునట్లు చూచుచున్నారు. బిందెలతో నీళ్ళు పోసి కడుగుట లేదు. బాగుగ పిండిన గుడ్డతో తుడుచుటయే. మొదట ఊడదీసిన ఓకు పలకలలో చెడనివానిని ఆరబెట్టి, పైయంతస్తులోని గదిలో పరచిరి. అచ్చట అవి చక్కగా నున్నవి. కనుక ఓకు నందు దోషము లేదు. నే నుంచిన స్థానమందే దోషము.

2019 వేసవిలో మేము మరల పోయితిమి. నేలమాళిగ పొడిగా, వెచ్చగా నుండెను. మనుమని దగ్గు తగ్గి చాలకాలమయ్యెను. పండ్రెండుగురు పిల్లలు వచ్చి కూర్చుండిరి. ఆ రాత్రి నేను నా కుమారుని పిలిచి, "ఆ దినమున అంగడివాడు చెప్పినది నిజమని నీకు తెలియునా?" అని యడిగితిని. "కొంత తెలియును, నాన్నగారూ. అంతకుముందే చదివితిని" అనెను. "మరి యేల చెప్పవైతివి?" అంటిని. అతడు చాలసేపటికి, "మీరు చాల సంతోషముగా నుంటిరి" అని మాత్రము చెప్పెను.

ముప్పదినాలుగు సంవత్సరములు నేను పిల్లలకు ప్రశ్న యడుగుడని చెప్పితిని. నా యింటి పిల్లవాడు నన్నొక ప్రశ్న యడుగుటకు వెనుదీసెను. అతని మూడు మాసముల పొదుపు ఆ పలకలతో పోయినది. దానికంటె నన్ను బాధించినది ఆ మౌనము. తడిసిన నేలపై పలక నిలువదు. బెదరిన బిడ్డవద్ద నిజము నిలువదు.

కనుక పెద్దలారా, నా విన్నపము రెండు మాటలు. మీ బిడ్డలు దూరదేశమున ఇల్లు కట్టుకొనుచు మీ సలహా యడిగినచో, ఆజ్ఞ యీయకుడు, ప్రశ్న లడుగుడు. "నీరెటు పారుచున్నది? నేల ఆరినదా? అది యెట్లు తెలిసికొంటివి? అచ్చటి పనివా డేమనుచున్నాడు? నీ యభిప్రాయ మేమి?" అని యడుగుడు. ఈ ప్రశ్నలు మీ పాతరలు మీకు నేర్పినవే. రెండవది, ఇది విదేశపు ముచ్చటయని విడువవలదు. నేడు మన యూళ్ళలోను క్రొత్తగా సిమెంటు పూసిన గోడకు నెలయైన తిరుగకముందే కొయ్య బీరువాలు బిగించుచున్నారు. తడి యారని గుమ్మమునకు తలుపులు నిలుపుచున్నారు. వానకాలము రాగానే అవి యుబ్బి మొరాయించిన, వడ్రంగిని నిందించుచున్నారు. కొయ్యను నిందింపకముందు గోడమీద చేయి వేసి చూడుడు.

మా గోంగూర మడి ఆ పెరటి చివర నేటికిని పచ్చగా నున్నదని మా కోడలు చెప్పుచుండును. ఇల్లును మడియు రెండును మంచివే. రెండింటి నడుమ పది యడుగులుండవలెను.